వెదురుగడపై 15 అడుగులు

ఒలింపిక్ క్రీడలలో గడ సాయముతో ఎత్తు దూకు పందెమునకు, అనగా పోల్‌వాల్టునకు, సంబంధించిన విజేతల పట్టికను చూచినచో 1936వ సంవత్సరము తరువాత వెంటనే 1948 కానవచ్చును. నడుమ జరుగవలసిన రెండు ఒలింపిక్కులు జరుగలేదు. 1940 నాటి క్రీడలను మొదట టోక్యో నగరమునకు కేటాయించిరి. చైనాతో యుద్ధమున మునిగియున్న జపాను 1938లో వానిని వదలుకొనగా హెల్సింకికి మార్చిరి. ఇంతలో ఐరోపాలో యుద్ధము చెలరేగి అవియు నిలిచిపోయెను. 1944 నాటి క్రీడలను లండనునకు ఇచ్చిరి. అవియు యుద్ధమున కలిసిపోయెను.

పట్టికలు గెలిచినవారిని చెప్పునే గాని, జరుగని పందెములలో ఎవరు గెలిచియుండెడివారో చెప్పవు. జరుగనిదానిని ఊహించుట చరిత్ర వ్రాయువాని పనియు కాదు. అయినను పోల్‌వాల్టు విషయమున మాత్రము ఊహతో అంతగా పనిలేదు. ఆ సంవత్సరములలో భూమండలము మొత్తముమీద 15 అడుగుల ఎత్తు దాటినవాడు ఒక్కడే. అతని పేరు కొర్నీలియస్ వార్మర్‌డాం. ఒలింపిక్ పతకము అతని మెడను అలంకరింపలేదు. అయినను క్రీడాచరిత్రలో అతని స్థానమును ఎవరును కాదనలేదు. ఇది ఎట్లు సాధ్యమయ్యెనో విచారించుటయే మా ఉద్దేశము.

ముందుగా 15 అడుగులనగా ఎంతయో తెలిసికొనవలెను. ఆటల వార్తలలో మేము అంకెలు చదువుచుందుము. వినువారికి అవి చాలవరకు అంకెలుగానే మిగిలిపోవును. మన పట్టణములలోని ఒంటి అంతస్తు డాబాయింటిని తలచుకొనుడు. నేలనుండి అరుగు ఎత్తు, దానిపై గదుల ఎత్తు, ఆపైన పిట్టగోడ, ఈ మూడును కలిసి ఇంచుమించు 15 అడుగులగును. చేత ఒక వెదురుగడ పట్టి పరుగెత్తి వచ్చి, ఆ పిట్టగోడను తాకకుండ, దానిమీదుగా ఆవలికి దుముకుట ఎట్టిదో, ఈ పందెము అట్టిది. పడుటకు నేడున్న మెత్తని పరుపులు ఆనాడు లేవు. ఇసుకయో, రంపపుపొట్టో పోసిన గుంతలో పడవలసియుండెను.

ఈ విద్యలోని కీలకము పరుగును ఎత్తుగా మార్చుట. సెకనుకు 9 మీటర్ల వేగముతో పరుగెత్తువాని చలనశక్తి యంతయు నష్టపోక పైకి లేచుటకే ఉపయోగపడినచో, అతని శరీరపు భారకేంద్రము 4 మీటర్లకు కొంచెము పైగా లేచునని భౌతికశాస్త్రము లెక్క చెప్పును. నిలుచున్న మనిషి భారకేంద్రము నేలకు సుమారు ఒక మీటరు ఎత్తున నుండును. కనుక 5 మీటర్లు దాటుట లెక్కప్రకారము సాధ్యమే. కాని శక్తి నష్టపోకుండుట ఎట్లు? వెదురుగడ పెద్దగా వంగదు. దాని కొనను నేలలో పాతిన పెట్టెలో గ్రుచ్చినంతనే పరుగులోని బలము కొంత కుదుపుగా మాఱి, చేతులను భుజములను అదరగొట్టి వ్యర్థమగును. గడను మరీ పైన పట్టుకొన్నచో అది నిట్టనిలువుగా లేవక, నడుమ ఆగి, మనిషిని వెనుకకే పడవేయును.

అందుచేత ఆనాటివారు గడను గ్రుచ్చునప్పుడు క్రిందిచేతిని పైచేతి దగ్గఱకు జరుపుకొనుచుండిరి. తరువాత రెండు చేతులతో వ్రేలాడి, ముందుకు ఊగి, సరియైన క్షణమున దేహమును పైకి లాగుకొని, తలక్రిందులై, కాళ్లను అడ్డుకఱ్ఱ మీదుగా పంపి, చివరకు గడను వెనుకకు నెట్టి చేతులు వదలుచుండిరి. లాగుటలో తొందరపడినచో గడ లేవదు; ఆలస్యము చేసినచో ఊపు చచ్చును. బలముతోపాటు ఓర్పును, వేగముతోపాటు నిదానమును కోరు పందెమిది. మఱియొక విశేషము కూడ కలదు. ప్రతి ఎత్తునకును మూడు అవకాశములు. వరుసగా మూడుమాఱులు తప్పినవాడు ఆట ముగించును. అందరును తప్పినపిమ్మటను గెలిచినవాడు ఇంకను పైకి ప్రయత్నించుచునే యుండును గనుక, సామాన్యముగా అతని ఆటయు అడ్డుకఱ్ఱ క్రింద పడుటతోనే ముగియును.

ఇక గడ మాట. తొలిదినములలో బరువైన కొయ్యగడలు వాడుచుండిరి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమునుండి వాని స్థానమును వెదురు ఆక్రమించెను. వెదురు తేలిక, లోపల డొల్ల, కణుపు కణుపునకును సహజమైన కట్టుదల. ఈ గడలకు జపాను దేశపు వెదురు పేరుపొందియుండెను. చీలకుండుటకై కణుపుల నడుమ పట్టీలు గట్టిగా చుట్టుచుండిరి. ఎంత జాగ్రత్తపడినను, ఒక్కొక్కప్పుడు గాలిలో నుండగనే గడ విఱుగుట కలదు.

1936లో బెర్లిను ఒలింపిక్కులనాటికి వెదురుగడ విద్య పరిపక్వమైయుండెను. ఆ పోటీ పగలు మొదలై రాత్రి దీపముల వెలుగువఱకు సాగెను. అమెరికా దేశపు ఎర్ల్ మెడోస్ 4.35 మీటర్లు దాటి గెలిచెను. జపాను యువకులు షుహెయి నిషిదా, సుయెవో ఓయె ఇద్దరును 4.25 మీటర్ల వద్ద సమానముగా నిలిచిరి. వారు తమలో తాము మఱల పోటీపడ నిరాకరించిరి. నిషిదాకు రజతము, ఓయెకు కాంస్యము లభించెను. స్వదేశమునకు మరలినపిదప ఇద్దరును తమ పతకములను నడిమికి కోయించి, సగము వెండి సగము కంచుగా అతికించుకొనిరి. ఆ పతకములకు స్నేహపతకములని పేరు వచ్చెను. మఱుసటి యేడు, 1937లో, మెడోసును, అతని సహాధ్యాయి బిల్ సెఫ్టనును ఒకే దినమున 4.54 మీటర్లు దాటి ప్రపంచరికార్డు నెలకొల్పిరి. అది 15 అడుగులకు ఒక్క అంగుళముపైన కొంచెము తక్కువ. ఆ అంగుళము ఇక మనిషికి అందదని తలచినవారును ఉండిరి.

ఆ అంగుళమును అందుకొన్న వార్మర్‌డాం 1915 జూన్ 22న కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచి పట్టణమున జన్మించెను. తలిదండ్రులు హాలెండు దేశమునుండి వలసవచ్చినవారు. తోటివారు అతనిని ‘డచ్’ అనియే పిలిచెడివారు. ఆ పూర్వుల దేశములో పొలముల నడుమ కాలువలు, నీటిగుంటలు మెండు. గడ నూతగా ఒకగట్టునుండి మఱియొకగట్టునకు దుముకుట అచట పల్లెజనుల అలవాటు, వినోదము కూడ. పొడవునకు దుముకు ఆ అలవాటునకును, ఎత్తునకు దుముకు ఈ పందెమునకును గల చుట్టరికమును క్రీడాచరిత్రకారులు చెప్పుచునే యుందురు. వార్మర్‌డాం మాత్రము ఈ విద్యను పూర్వులవలన గాక కాలిఫోర్నియా పొలములలోనే నేర్చుకొనెను.

అతడు పెరిగినది హాన్‌ఫర్డు ప్రాంతపు పండ్లతోటల నడుమ. బాల్యమున పీచు చెట్టు కొమ్మను గడగా చేసికొని తమ పొలములో దూకుచుండెనట. ఒక పాలకూర మడిలో ఈ కుఱ్ఱవాడు దూకుచుండగా దారినపోవు వర్తకుడొకడు చూచి, ఫ్రెస్నో కళాశాలలోని శిక్షకుడు ఫ్లింట్ హానరుతో చెప్పెననియు, ఆ మాటపైననే అతనికి కళాశాల క్రీడాజీవితము ప్రాప్తించెననియు ఒక కథ చెప్పుకొందురు. కథలో అలంకారమెంతయున్నను సారాంశము నిజము. పెద్ద విశ్వవిద్యాలయముల క్రీడాంగణములలో గాక, సేద్యపు నేలలో మొదలైన విద్య అది. అతడు కళాశాల చదువు ముగించి ఉపాధ్యాయవృత్తి చేపట్టెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్బు పక్షమున పోటీలలో పాల్గొనుచుండెను.

1940 ఏప్రిల్ 13న బర్క్‌లీ నగరమున వార్మర్‌డాం 15 అడుగులు, అనగా 4.57 మీటర్లు, దాటెను. మానవచరిత్రలో ఆ ఎత్తు దాటిన మొదటివాడు అతడే. అప్పటికి అతనికి 25 ఏండ్లు నిండలేదు. అదే సంవత్సరము జూన్ 29న ఫ్రెస్నోలో అతడు దాటిన 4.60 మీటర్లు ప్రపంచరికార్డుగా నమోదయ్యెను. 1941 జూన్ 6న కాంప్టనులో 4.72 మీటర్లు, 1942 మే 23న మొడెస్టోలో 4.77 మీటర్లు. 1943 మార్చి 20న షికాగోలో, కప్పుక్రింద జరిగిన పోటీలో, 4.79 మీటర్లు. ఏ రికార్డు నైనను సెంటీమీటరు వంతున పెంచుటయే గొప్పయైన ఈ పందెములో, మెడోస్, సెఫ్టనుల 4.54ను అతడు ఆరుబయట 23 సెంటీమీటర్లు పైకి జరిపెను. 1942లో అమెరికాలోని ఉత్తమ అమెచ్యూరు క్రీడాకారునికిచ్చు సల్లివాన్ బహుమానము అతనికి లభించెను.

ఈ సాధన విలువను గ్రహించుటకు ఒక పోలిక తోడ్పడును. 1954 మే 6న ఇంగ్లండులో రోజర్ బానిస్టరు ఒక మైలును 4 నిమిషములలోపల పరుగెత్తెను. అదియు అసాధ్యమని పలువురు తలచిన కార్యమే. కాని 46 దినములు గడచునంతలో ఆస్ట్రేలియా వాడు జాన్ లాండీ అంతకంటె వేగముగా పరుగెత్తెను. ఒకడు తలుపు తెఱవగా వెనుకనే మఱియొకడు ప్రవేశించెను. వార్మర్‌డాం తెఱచిన తలుపులో రెండవవాడు అడుగుపెట్టుటకు పట్టిన కాలము దాదాపు 11 సంవత్సరములు. 1951 జనవరిలో బాబ్ రిచర్డ్స్ అను మతాచార్యుడు 15 అడుగులు దాటినంతవఱకు ప్రపంచమున మఱెవ్వరును దాటలేదు. అంతలో వార్మర్‌డాం ఒక్కడే ఆ ఎత్తును 43 మాఱులు దాటియుండెను. ఒకసారి దాటినచో అదృష్టమనవచ్చును, గాలి కలిసివచ్చెననవచ్చును. 43 మాఱులు దాటినవాని విషయమున ఆ మాట చెల్లదు.

అట్టివానికి ఒలింపిక్ వేదిక ఏల దక్కలేదు? అతని పరువపు సంవత్సరములే ప్రపంచయుద్ధపు సంవత్సరములగుట మొదటి కారణము. 1940 నాటికి అతనికి 25 ఏండ్లు, 1944 నాటికి 29. పోల్‌వాల్టరునకు అంతకంటె మంచి వయస్సు లేదు. ఆ రెండు వేసవులలోను ఒలింపిక్కులు లేవు. అతడును నౌకాదళములో చేరి యుద్ధసేవ చేసెను. యుద్ధము ముగిసి 1948లో లండనున క్రీడలు మఱల జరుగునప్పటికి రెండవ అడ్డంకి ఎదురయ్యెను. అతడు అప్పటికే కళాశాల శిక్షకుడై యుండెను. క్రీడను నేర్పి జీతము పుచ్చుకొనువాడు అమెచ్యూరు కాడని ఆనాటి నియమము. అమెచ్యూరు కానివానికి ఒలింపిక్కులలో ప్రవేశము లేదు. వాన కురియుచుండగా జరిగిన లండను పోటీలో అమెరికా వాడు గిన్ స్మిత్ 4.30 మీటర్లతో గెలిచెను. వెదురుగడతో గెలిచిన కడపటి ఒలింపిక్ స్వర్ణము అదియే.

అయితే యుద్ధము అందరివద్దనుండి ఒకే విధముగా తీసికొనలేదు. బెర్లినులో పతకమును స్నేహితునితో పంచుకొన్న సుయెవో ఓయె సైన్యమున చేరి 1941 డిసెంబరులో యుద్ధమునకు బలియయ్యెను. ఆ నెలలోనే జపాను, అమెరికాలు శత్రుదేశములయ్యెను. జపాను వెదురు అమెరికాకు వచ్చుటయు ఆగిపోయెను. వార్మర్‌డాం తన గొప్ప ఎత్తులను దాటుచున్న కాలమున, అదే గడపట్టి దూకిన ఓయె జీవించిలేడు. ఒకరు పోగొట్టుకొన్నది పతకము, ఒకరు పోగొట్టుకొన్నది ప్రాణము. వార్మర్‌డాంకు జరిగిన నష్టమును గూర్చి పలుకునప్పుడు ఈ తారతమ్యమును మఱవరాదు.

వార్మర్‌డాం మైదానమును వీడినను అతని అంకె వీడలేదు. మొడెస్టోలో నెలకొల్పిన 4.77 మీటర్ల రికార్డు ఇంచుమించు 15 సంవత్సరములు నిలిచెను. 1957 ఏప్రిల్ 27న బాబ్ గుటోవ్‌స్కి లోహపుగడతో 4.78 మీటర్లు దాటి దానిని ఒక్క సెంటీమీటరు మించెను. షికాగోలోని 4.79 మీటర్ల రికార్డు 1959 వఱకు చెక్కుచెదరలేదు. ఒలింపిక్ పట్టికను దాని ప్రక్కన పెట్టిచూచినచో మఱింత ఆశ్చర్యము కలుగును. 1952లో హెల్సింకిలో రిచర్డ్స్ 4.55 మీటర్లతో గెలిచెను. 1956లో మెల్‌బోర్నులో అతడే 4.56 మీటర్లతో గెలిచెను. 1960లో రోములో డాన్ బ్రాగ్ 4.70 మీటర్లతో గెలిచెను. 1942 నాటి వెదురుగడ ఎత్తును ఒలింపిక్ విజేత మించుటకు 1964 టోక్యో క్రీడలవఱకు వేచియుండవలసివచ్చెను. అచట ఫ్రెడ్ హాన్సెన్ 5.10 మీటర్లు దాటెను.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. సొంతగడ్డపై అనుకూలమైన దినమున దాటిన ఎత్తును, ఒక నిర్ణీతదినమున, గాలియో వానయో ఎట్లున్నను దూకవలసిన ఒలింపిక్ పోటీలోని ఎత్తుతో పోల్చుట న్యాయమా? ఆక్షేపణ సహేతుకమే. ఒలింపిక్కులు జరిగియున్నచో వార్మర్‌డాం తప్పక గెలిచెడివాడని మేమును ప్రమాణము చేయజాలము. ఈ ఆటలో మూడు తప్పులు చాలును. మహామహులును ఆ విధముగా వెనుదిరిగిరి. కాని సమకాలికులలో రెండవవాడు ఎక్కడనున్నాడో చూచినప్పుడు సందేహమునకు అవకాశము తగ్గును. లోహపుగడ వాడి, రెండు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన రిచర్డ్స్ సైతము తన జీవితమున 4.77 మీటర్లు దాటలేదు.

టోక్యోలో 5 మీటర్లు దాటింపగలిగినది మనుష్యుని బలమొక్కటియే కాదు. గడలోని మార్పు కూడ. 1960 దశకపు ఆరంభమున ఫైబర్‌గ్లాసు గడలు పోటీలలో వ్యాపించెను. గాజునారతో చేసిన ఈ గడ విల్లువలె వంగును. పరుగులోని శక్తిని కుదుపుగా వ్యర్థము చేయక తనలో దాచుకొని, తిరిగి నిటారగునప్పుడు దూకువానికి మరల్చి ఇచ్చును. దానిని మఱింత పైన పట్టుకొనవచ్చును. ఫలితముగా రికార్డులు గబగబ మాఱసాగెను. 1962లో జాన్ యూల్సెస్ 4.89 మీటర్లు దాటెను; 1963లో బ్రయన్ స్టెర్న్‌బర్గ్ 5 మీటర్లు అందుకొనెను. 1985లో సెర్గెయ్ బూబ్కా పారిసులో 6 మీటర్లు దాటెను. 2025 సెప్టెంబరులో స్వీడను దేశపు డుప్లాంటిస్ టోక్యోలో 6.30 మీటర్లు దాటెను.

6.30 ప్రక్కన 4.77 చిన్న అంకెగా తోచును. కాని వేర్వేరు కాలముల సాధనములతో దూకినవారిని ఒకే కొలబద్దతో కొలుచుట చరిత్రదృష్టి కాదు. ఒక క్రీడాకారుని ఘనత తెలియవలెనన్నచో, తన కాలమున, తన సాధనముతో, తన తోటివారికంటె అతడు ఎంతదూరము ముందున్నాడో చూడవలెను. ఈ కొలతకు పతకముతో అవసరము లేదు. పతకము ఒక దినపు తీర్పు. దానికి వేదిక కావలెను, దేశముల నడుమ శాంతి కావలెను, నియమములు అనుకూలింపవలెను. వానిలో ఏదియు దూకువాని చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది గడ, ముందున్నది అడ్డుకఱ్ఱ, అంతే. ఆ రెండింటి నడుమ వార్మర్‌డాం చేయవలసినదంతయు చేసెను.

మిగిలిన జీవితమును అతడు ఆ విద్యను ఇతరులకు నేర్పుటయందు గడపెను. తాను చదివిన ఫ్రెస్నో కళాశాలకే 1947లో శిక్షకుడుగా మరలి, 1980లో పదవీవిరమణ చేయువఱకు 33 ఏండ్లు అచటనే పనిచేసెను. 1964లో అతని జట్టు జాతీయ కళాశాలల రెండవశ్రేణి పోటీలలో ప్రథమస్థానము పొందెను. ఒలింపిక్ ద్వారమును తనకు మూసిన శిక్షకవృత్తియే అతని జీవితకాలపు వృత్తియయ్యెను. 1974లో అమెరికా దేశపు క్రీడాప్రముఖుల గౌరవమందిరమున అతని పేరు చేరెను. ఫ్రెస్నోలోని క్రీడాంగణమునకును అతని పేరే పెట్టిరి. 2001 నవంబరు 13న, 86 ఏండ్ల వయస్సున, ఆ నగరముననే అతడు కన్నుమూసెను.

మన యిండ్లలో పిల్లలు ఒలింపిక్ విజేతల పేర్లు కంఠస్థము చేయుచుందురు. మంచి అలవాటే. వారికి 1940, 1944 అను ఆ రెండు సంవత్సరములను కూడ చూపుట మేలు. ఆ వరుసలు ఖాళీగా నుండుటకు కారణము ఆటగాండ్రు లేకపోవుట కాదనియు, పెద్దలు తమ కయ్యములతో ఆటస్థలములను మూసివైచుటయేననియు వారికి తెలియవలెను. తెలిసినపిమ్మట ఆ వరుసలలో గెలిచినవాని పేరు వ్రాయుటకు ఎవరికిని అధికారము లేదు. కాని ఆ కాలమున, కాలిఫోర్నియాలోని చిన్నచిన్న పట్టణముల మైదానములలో, కొన్నివేలమంది చూచుచుండగా, ఒక బడిపంతులు వెదురుగడ పట్టి మఱెవ్వరును చేరని ఎత్తులను మఱల మఱల దాటుచుండెనని ఆ ఖాళీ ప్రక్కన వ్రాసికొనుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు.